ఆలస్యం ఎక్కడ దాక్కుంది? ప్రోగ్రాముల వేగాన్ని కొలిచిన మనుషుల చరిత్ర

మన హాస్టల్ రూముల్లో ఒక ప్రోగ్రామ్ నెమ్మదిగా నడిస్తే మూడు జవాబులు రెడీగా ఉంటాయి. ఒకటి, సిస్టమ్ పాతది. రెండు, ర్యామ్ తక్కువ. మూడోది ఎవరూ పైకి అనరు గానీ చాలామంది లోపల అనుకునేదే: ఇది మనవల్ల అయ్యే పని కాదు, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకే వస్తది. ఈ మూడూ ఊహలే. ఎవరూ ఏదీ కొలవలేదు.

నాలుగో దారి ఒకటుంది. టైమ్ ఎక్కడ పోతుందో ఆ ప్రోగ్రామ్‌నే అడగడం. దీన్ని ప్రొఫైలింగ్ అంటారు. సిలబస్‌లో దీనికి ఒక లైన్ కూడా ఉండదు, కానీ దీని వెనక దాదాపు 70 ఏళ్ళ చరిత్ర ఉంది. మాకు తెలిసినంత వరకు ఆ చరిత్రను ఇక్కడ రాస్తున్నాం. పోస్ట్ పెద్దదే, నిదానంగా చదవండి.

మొదట అందరూ ఊహించారు

కంపైలర్ అంటే మనం రాసిన కోడ్‌ను మెషిన్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్ అని మనకు తెలుసు. 1950లలో చాలామంది ఆ ఆదేశాలను స్వయంగా చేత్తోనే రాసేవారు. ఐబీఎంలో జాన్ బ్యాకస్ అనే ఆయన 1954లో ఒక చిన్న టీమ్‌తో ఫోర్ట్రాన్ పని మొదలుపెట్టాడు. 1957లో ఐబీఎం 704 అనే మెషిన్ కోసం అది బయటికొచ్చింది.

అప్పటి ప్రోగ్రామర్లకు దాని మీద పెద్ద అనుమానం ఉండేది. చేత్తో రాసినంత వేగమైన కోడ్‌ను మెషిన్ రాయగలదా అని. అందుకే బ్యాకస్ టీమ్ భాష అందంగా ఉందా లేదా అన్నదాని కన్నా, తయారయ్యే కోడ్ వేగంగా ఉందా లేదా అన్నదాని మీదే ఎక్కువ కష్టపడింది. వేగం లేకపోతే ఎవరూ వాడరని వాళ్ళకు తెలుసు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. 704 మెషిన్‌లో ఇండెక్స్ రిజిస్టర్లు మూడే ఉండేవి. లూప్‌లు వేగంగా తిరగాలంటే అవి కావాలి. ప్రోగ్రామ్‌లో లూప్‌లు ఎన్నో, రిజిస్టర్లు మూడే. మరి ఎవరికి ఇవ్వాలి? ఎక్కువసార్లు తిరిగే లూప్‌కు ఇవ్వాలి. ఏది ఎక్కువసార్లు తిరుగుతుందో నడపకముందే ఎలా తెలుస్తుంది?

ఈ భాగం మీద పనిచేసింది లోయిస్ హైబ్ట్ అనే అక్క. అప్పుడామె కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగి. ఆమె భాగం ప్రోగ్రామ్‌ను నిజంగా నడపకుండా, పాచికలు వేసినట్టు దారులు ఎంచుకుంటూ ఉత్తుత్తిగా చాలాసార్లు నడిపి చూసేది. ఏ చోటుకు ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కపెట్టేది. దీనికి తోడు ఫ్రీక్వెన్సీ అనే ఒక స్టేట్‌మెంట్ కూడా పెట్టారు. "ఈ దారిలో ఇన్నిసార్లు వెళ్తుందని నా అంచనా" అని ప్రోగ్రామర్ దాంట్లో రాయొచ్చు.

అంటే కంపైలర్‌దీ అంచనానే, మనిషిదీ అంచనానే. ఫ్రీక్వెన్సీ స్టేట్‌మెంట్ ఎక్కువ కాలం నిలవలేదు. 1966లో వచ్చిన ఫోర్ట్రాన్ ప్రమాణంలో అది లేదు. కానీ ఆ టీమ్ అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఉంది: ఈ ప్రోగ్రామ్‌లో బరువంతా ఏ చోట ఉంది?

4 శాతంలో సగం

డోనాల్డ్ క్నూత్ పేరు అల్గారిథమ్స్ క్లాసులో వినే ఉంటారు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో కొందరితో కలిసి ఒక పని చేశాడు. మామూలు మనుషులు మామూలుగా రాసుకున్న ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పోగేసి, ఏ లైన్ ఎన్నిసార్లు నడుస్తుందో లెక్కపెట్టించాడు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి.

అందులో తేలింది ఏంటంటే, ప్రోగ్రామ్‌లో 4 శాతం కన్నా తక్కువ భాగమే సాధారణంగా సగం కన్నా ఎక్కువ టైమ్ తినేస్తుంది. మిగతా 96 శాతం లైన్లను ఎంత చెక్కినా పెద్ద ఫలితం ఉండదు. ఇంకో తమాషా కూడా ఉంది. లైన్లు లెక్కపెట్టే ఆ ప్రోగ్రామ్‌నే దాని మీద దానికే పెట్టి చూశారు. టైమ్ అంతా ఒకటి రెండు లూప్‌లలోనే పోతుందని తెలిసింది. చిన్న మార్పులు చేశారు, వేగం రెట్టింపయింది. దాన్ని రాసినవాళ్ళు నిపుణులే. అయినా కొలిచేదాకా వాళ్ళకూ తెలియలేదు.

అందుకే మాకు క్నూత్ పని నచ్చింది. తెలివి ఉన్నవాళ్ళకు ముందే కనిపిస్తుంది, మనకు కనిపించదు అనేది ఇక్కడ చెల్లదు. కొలవకపోతే ఎవరికీ కనిపించదు.

కొండ దారి లెక్క

1967లో జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీర్ చెప్పిన ఒక వాదన ఉంది. ఇప్పుడు దాన్ని ఆమ్డాల్ సూత్రం అంటున్నారు. పుస్తకంలో ఫార్ములాగా ఉంటుంది గానీ మనకు ఫార్ములా అక్కర్లేదు. మన ఊళ్ళ లెక్కతోనే తెలుస్తుంది.

కొండ మీద ఊరి నుంచి రోడ్డు దాకా నడక 3 గంటలు. రోడ్డు నుంచి మండలం దాకా బస్సు 1 గంట. మొత్తం 4 గంటలు. ఇప్పుడు బస్సు వేగం రెట్టింపు చేశారనుకోండి. గంట ప్రయాణం అరగంట అయింది. మొత్తం మూడున్నర గంటలు. సరే, బస్సు బదులు కన్నుమూసి తెరిచేలోపు చేర్చే విమానమే పెట్టారనుకోండి. అయినా 3 గంటలు నడవాల్సిందే. అదే ఆ 3 గంటల నడక దారిని ఒక గంటకు తెస్తే మొత్తం 2 గంటల్లో అయిపోతుంది. బస్సును ముట్టుకోకుండానే టైమ్ సగమైంది.

ప్రోగ్రామ్ కూడా అంతే. 10 శాతం టైమ్ తీసుకునే ఫంక్షన్‌ను సున్నాకు తెచ్చినా మొత్తం మీద మిగిలేది ఆ 10 శాతమే. 80 శాతం తినే ఫంక్షన్‌ను సగానికి తగ్గిస్తే 100 సెకన్ల పని 60 సెకన్లకు వస్తుంది. కాబట్టి ముందు నడక ఎక్కడుందో తెలుసుకోవాలి. బస్సుకు రంగు వేస్తే లాభం లేదు.

జీప్రోఫ్ ఎలా పుట్టింది

1970లలో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌తో పాటు ప్రోఫ్ అనే టూల్ ఉండేది. ఏ ఫంక్షన్‌లో ఎంత టైమ్ పోయిందో అది లిస్ట్ ఇచ్చేది. దాని పద్ధతి చాలా సింపుల్. గడియారం టిక్ అన్నప్పుడల్లా ప్రోగ్రామ్ ఏ చోట ఉందో ఒక గుర్తు పెట్టుకుంటుంది. చివరికి ఎక్కడ ఎక్కువ గుర్తులుంటే అక్కడ ఎక్కువ టైమ్ పోయినట్టు. హాస్టల్ వార్డెన్ రోజంతా వెంట తిరగకుండా, అప్పుడప్పుడు వచ్చి ఎవరు ఎక్కడున్నారో రాసుకున్నట్టు. వందసార్లు వస్తే ఎవరు స్టడీ అవర్‌లో ఉంటున్నారో, ఎవరు టీవీ రూములో ఉంటున్నారో తెలిసిపోదా?

కానీ ప్రోఫ్‌కు ఒక లోటుంది. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో సుసాన్ గ్రాహం అనే ప్రొఫెసర్, పీటర్ కెస్లర్, మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్ అనే ఇద్దరు విద్యార్థులు కలిసి పెద్ద ప్రోగ్రామ్ మీద పనిచేస్తున్నారు. కోడ్‌ను శుభ్రంగా చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొట్టే కొద్దీ, టైమ్ కూడా ముక్కలై చాలా ఫంక్షన్లలోకి చెదిరిపోయింది. ప్రోఫ్ లిస్ట్‌లో అందరి దగ్గరా కొంచెం కొంచెం కనిపిస్తుంది. అసలు ఎవరు పిలవడం వల్ల ఆ పని జరుగుతుందో తెలియడం లేదు.

అందుకని వాళ్ళు ఫంక్షన్‌లో టైమ్‌తో పాటు, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచిందో కూడా రాసుకునే టూల్ చేశారు. అదే జీప్రోఫ్. 1982లో దాని గురించి పేపర్ వచ్చింది. తర్వాత బర్కిలీ యూనిక్స్‌తో అందరికీ చేరింది. జీసీసీలో -పీజీ ఆప్షన్‌తో కంపైల్ చేసి ఒకసారి నడిపితే ఈ రోజుకీ ఆ రిపోర్ట్ వస్తుంది.

జీప్రోఫ్‌కూ ఒక లోపముంది. ఒక ఫంక్షన్‌ను ఎవరు పిలిచినా ప్రతి పిలుపుకూ సమానంగా టైమ్ పట్టిందనుకుని అది పంచుతుంది. ఒకరు చిన్న పని ఇచ్చి వందసార్లు పిలిచారు, ఇంకొకరు పెద్ద పని ఇచ్చి ఒక్కసారే పిలిచారు అనుకోండి. తప్పు ఎక్కువగా వందసార్లు పిలిచినవాడి మీద పడుతుంది. టూల్ చెప్పిందని కళ్ళు మూసుకుని నమ్మకూడదు, అది ఎలా లెక్కేస్తుందో కూడా తెలియాలి.

మా మాటల లిస్ట్ సంగతి

ఇక్కడ మా హాస్టల్ సంగతి కొంచెం చెప్పాలి. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అవ్వలు, తాతల దగ్గర కోయ, కొలామీ, సవర, కువి మాటలు రాసుకొచ్చే పని కొన్ని బ్యాచ్‌ల నుంచి నడుస్తుంది. మాట, అర్థం, ఊరు, చెప్పినవారి వయసు, ఎక్కడ వాడతారు అని ఒక్కో వరుసకు 5 గళ్ళు. చెట్ల పేర్లు, పురుగుల పేర్లు, వాన రకాల పేర్లు ఇంకో పదేళ్ళకు అడుగుదామన్నా చెప్పేవాళ్ళు ఉండరు. అదీ మా తొందర.

ఒకే మాట రెండుసార్లు ఉంటే తీసేసే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ పై బ్యాచ్ అన్న రాసిచ్చాడు. కొన్ని వందల మాటలున్నప్పుడు అది చక్కగా పనిచేసింది. లిస్ట్ 20,000 వరుసలకు చేరాక, ఎంటర్ నొక్కి టీ తాగొచ్చినా అయ్యేది కాదు. ప్రతి కొత్త ఊరు కలిపినప్పుడల్లా ఇదే. కొత్త సిస్టమ్ దొరికేదాకా ఈ పని ఆపేద్దామని కూడా కొందరన్నారు.

లాబ్‌లో లైనక్స్ ఉంది కాబట్టి పెర్ఫ్ అనే టూల్ పెట్టి నడిపాం. రిపోర్ట్‌లో పైన ఉన్నది మాటలను పోల్చే ఫంక్షన్ కాదు. స్ట్రింగ్‌ను కాపీ చేయడం, దానికి మెమరీ తీసుకోవడం, మళ్ళీ వదిలేయడం, ఈ మూడే. ఎవరు పిలుస్తున్నారని పైకి వెళ్తే, "ఈ మాట ముందే ఉందా" అని చూసే ఫంక్షన్ దొరికింది. దానికి లిస్ట్ మొత్తాన్ని కాపీగా పంపుతున్నారు. ప్రతి మాటకూ అప్పటిదాకా పోగైన లిస్ట్ అంతా కొత్తగా రాయడమన్నమాట. లిస్ట్ సున్నా నుంచి 20,000 దాకా పెరుగుతుంది కాబట్టి సగటున 10,000 అనుకుంటే, మొత్తం 20 కోట్ల వరుసల కాపీ. గళ్ళు 5 కాబట్టి 100 కోట్ల స్ట్రింగులు.

ఇంకో విషయం ఇంగ్లీష్ ట్యుటోరియల్‌లో ఎవరూ చెప్పరు. జీసీసీతో వచ్చే స్ట్రింగ్ 15 బైట్ల దాకా మాటను తనలోనే దాచుకుంటుంది. అంతకు మించితే వేరే చోట మెమరీ అడగాలి, అది ఖర్చైన పని. ఇంగ్లీష్‌లో 15 అక్షరాల మాట తేలిగ్గా పట్టేస్తుంది. తెలుగు లిపిలో యూటీఎఫ్-8 ప్రకారం ప్రతి గుర్తుకూ 3 బైట్లు. "మామిడి" అన్న చిన్న మాటలోనే అక్షరాలు, గుణింతాలు కలిపి 6 గుర్తులు, అంటే 18 బైట్లు. మన మాటల్లో ఎక్కువ భాగం ఆ గీత దాటేస్తాయి. ఒకే కోడ్ ఇంగ్లీష్ లిస్ట్ మీద కొంచెం వేగంగా, మన లిస్ట్ మీద ఇంకా నెమ్మదిగా నడవడానికి కారణమిదే. లోపం మన భాషలో లేదు, అనవసరమైన కాపీలో ఉంది.

మార్చింది ఒక్క గుర్తు. లిస్ట్‌ను కాపీగా కాకుండా రిఫరెన్స్‌గా పంపాలని "&" పెట్టాం. పని కొన్ని సెకన్లకు దిగింది. మళ్ళీ పెర్ఫ్ నడిపాం. ఇప్పుడు పైన మాటలను పోల్చడం ఉంది. లిస్ట్ అంతా వెతికే బదులు హ్యాష్ టేబుల్‌లో అడిగేలా మార్చాం. ఈసారి ఎంటర్ నొక్కగానే అయిపోయింది. సిస్టమ్ అదే, ర్యామ్ అదే. మాటల పని ఆగలేదు.

మెమరీ గోడ

చరిత్రలోకి మళ్ళీ వద్దాం. 1990ల నాటికి ప్రాసెసర్ల వేగం బాగా పెరిగింది, మెమరీ వేగం అంతగా పెరగలేదు. 1995లో విలియం వుల్ఫ్, సాలీ మెక్కీ అనే ఇద్దరు దీన్ని మెమరీ గోడ అన్నారు. అప్పటి నుంచి "ఎన్ని లెక్కలు చేశాం" కన్నా "డేటా కోసం ఎంతసేపు ఎదురుచూశాం" అన్నది ముఖ్యమైపోయింది.

దీన్ని మీరే చూడొచ్చు. సీలో పెద్ద మ్యాట్రిక్స్ తీసుకుని అడ్డవరుసలుగా కూడండి, తర్వాత నిలువు వరుసలుగా కూడండి. కూడికలు సమానమే, జవాబూ ఒకటే. కానీ రెండోది చాలా నెమ్మది. ఎందుకంటే చాలా ప్రాసెసర్లు మెమరీ నుంచి ఒకసారికి 64 బైట్లు, అంటే 8 డబుల్ నంబర్లు తెచ్చుకుంటాయి. అడ్డంగా వెళ్తే ఆ 8 వాడుకుంటాం. నిలువుగా వెళ్తే ఒకటి వాడి మిగతా 7 పారేస్తాం. చెరువుకెళ్ళి బిందె నిండా నీళ్ళు తెచ్చి, ఒక గ్లాసు వాడుకుని మిగతాది పారబోసి మళ్ళీ చెరువుకెళ్ళినట్టు.

ఇలాంటి నష్టం జీప్రోఫ్‌లో కనిపించదు. అందుకే కొత్త టూల్స్ వచ్చాయి. 1997లో డిజిటల్ కంపెనీ పరిశోధకులు, ప్రాసెసర్ లోపలి కౌంటర్లను వాడి సిస్టమ్ మొత్తాన్ని 1 నుంచి 3 శాతం ఖర్చుతోనే ఎప్పుడూ కొలిచే పద్ధతి చూపించారు. 2002లో జూలియన్ సీవార్డ్ వాల్‌గ్రైండ్ విడుదల చేశాడు. దాంతో వచ్చే క్యాష్‌గ్రైండ్ క్యాష్‌లో దొరకని డేటాను లెక్కపెట్టగలదు. ప్రోగ్రామ్ చాలా రెట్లు నెమ్మదిగా నడుస్తది గానీ లెక్క వివరంగా ఉంటది. 2009లో పెర్ఫ్ లైనక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. 2011లో బ్రెండన్ గ్రెగ్ ఒక డేటాబేస్ సమస్యను వెతుకుతూ, వేల లైన్ల రిపోర్ట్ చదవలేక, దాన్ని మంటలా కనిపించే ఒకే బొమ్మగా మార్చాడు. దాన్ని ఫ్లేమ్ గ్రాఫ్ అంటారు. ఏ పట్టీ వెడల్పుగా ఉంటే అక్కడ టైమ్ ఎక్కువ. ఇంగ్లీష్ రిపోర్ట్ అంటే భయపడే మనలాంటి వాళ్ళకు ఇది మంచి మొదలు. వాల్‌గ్రైండ్, పెర్ఫ్, ఫ్లేమ్ గ్రాఫ్ అన్నీ ఉచితమే.

కొలత కూడా మోసం చేయొచ్చు

2009లో టాడ్ మిట్‌కోవిచ్, మరో ముగ్గురు కలిసి ఒక పేపర్ రాశారు. ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా, సిస్టమ్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సైజు మార్చినా, ఫైళ్ళు లింక్ చేసే వరుస మార్చినా వేగం మారుతుందని చూపించారు. యూజర్ పేరు పొడవుగా ఉన్నా తేడా రావచ్చన్నమాట. మెమరీలో వస్తువులు కొంచెం పక్కకు జరగడమే కారణం.

కాబట్టి ఒకసారి నడిపి "నా మార్పుతో 3 శాతం వేగం పెరిగింది" అనకూడదు. చాలాసార్లు నడపాలి. పెద్ద తేడానే నమ్మాలి. -ఓ2 లాంటి ఆప్టిమైజేషన్ పెట్టకుండా కొలిచినా అర్థం లేదు, ఎందుకంటే నిజంగా వాడేటప్పుడు నడిచే కోడ్ అది కాదు.

బయటివాడి కొలత

చివరగా 2021 కథ. జీటీఏ ఆన్‌లైన్ గేమ్ కోట్లమంది ఆడతారు. లోడ్ అవ్వడానికి నిమిషాలు పట్టేది. ఏళ్ళ తరబడి అందరూ అన్నది మన రూముల్లో అనేదే: నీ సిస్టమ్ పాతది. టోస్ట్ అనే మారుపేరుతో ఒకతను ఉన్నాడు. అతని దగ్గరున్నది నిజంగానే పాత ప్రాసెసర్, లోడింగ్ 6 నిమిషాలు. అతను ఆ కంపెనీ ఉద్యోగి కాదు, సోర్స్ కోడ్ లేదు. అయినా నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ప్రొఫైలర్ పెట్టాడు.

రెండు చోట్లు దొరికాయి. 10 మెగాబైట్ల ఒక లిస్ట్ ఫైల్ చదువుతూ, ప్రతి చిన్న విలువ దగ్గరా మిగిలిన ఫైల్ పొడవంతా మళ్ళీ కొలుస్తుంది. రెండోది, అందులోని సుమారు 63,000 వస్తువుల్లో ప్రతిదాన్నీ "ముందే ఉందా" అని లిస్ట్ అంతా వెతుకుతుంది. లెక్కేస్తే దాదాపు 198 కోట్ల పోలికలు. మా మాటల లిస్ట్‌లో ఉన్న రోగమే! అతను రెండూ సరిచేస్తే లోడింగ్ టైమ్ దాదాపు 70 శాతం తగ్గింది. కంపెనీ ఒప్పుకుని, గేమ్‌ను సరిచేసి, అతనికి 10,000 డాలర్లు ఇచ్చింది.

పెద్ద కంపెనీలో అంతమంది ఇంజనీర్లు ఉండి కూడా చూడని చోటును, పాత సిస్టమ్ ముందు కూర్చున్న బయటివాడు చూశాడు. వేగమైన సిస్టమ్ ఉన్నవాళ్ళకు ఆలస్యం పెద్దగా తగలదు, అందుకే కనిపించదు. పాత సిస్టమ్ ముందు కూర్చునేది మనమే కాబట్టి మనకు తగులుతుంది. దాన్ని తిట్టుకోవడం దగ్గర ఆపకుండా కొలవడం దాకా వెళ్తే చాలు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు

వరుస ఇదీ. ముందు జవాబు సరిగ్గా వస్తుందో చూసుకోండి, తప్పు జవాబును వేగంగా ఇచ్చి లాభం లేదు. తర్వాత -ఓ2, -జీ రెండూ పెట్టి కంపైల్ చేయండి. చిన్న డేటాతో కాదు, నిజంగా వాడే సైజు డేటాతో నడపండి. పెర్ఫ్‌గానీ జీప్రోఫ్‌గానీ పెట్టి అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని చూడండి. దాన్ని ఎవరు పిలుస్తున్నారో, ఎందుకు అన్నిసార్లు పిలుస్తున్నారో అడగండి. ఒక్కటే మార్చండి. మళ్ళీ కొలవండి. సరిపడా వేగం రాగానే ఆపేయండి.

పెర్ఫ్‌కు లాబ్‌లో పర్మిషన్ లేకపోతే వాల్‌గ్రైండ్ మామూలు యూజర్‌గానే నడుస్తుంది. మీ ప్రోగ్రామ్ రిపోర్ట్ అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. మాటల లిస్ట్ సరిచేసిన ప్రోగ్రామ్ కూడా కావాలంటే అడగండి. మీ ఊరి మాటలు ఎన్ని వేలున్నా ఇప్పుడు అది ఆగదు.